ఓదెలు వేషంలో ఓదెలు

నా కోడలు ఉదయశ్రీ నా మనవడి నేరాన్ని నాటకం చేసింది. ఇందులో వాదించడానికి ఎవరికీ ఏమీ లేదు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి ఇంట్లో గొడవ ఆ నాటకం గురించే. వాచ్‌మన్ వేషం వేస్తున్న మనిషి మానుకున్నాడు. వాళ్ల ఆఫీసులో ఏదో రిలీజ్ ఉందట, సోమవారం దాకా కుర్చీ వదలడానికి వీల్లేదట. ప్రదర్శన ఆదివారం సాయంత్రం, కొత్తగూడలో కిరాయికి తీసుకున్న హాల్లో.

డైనింగ్ టేబుల్ వెనక గోడ నిండా పసుపు చీటీలు. కోడలు ఆఫీసు పని చేసినట్టే నాటకమూ చేస్తుంది. ఒక్కో చీటీ మీద ఒక్కో పని. అయిపోయిన చీటీ ఎడమ నుంచి కుడికి మారుతుంది. రోజూ పొద్దున వేషధారులంతా ఫోన్లలో కలిసి పదిహేను నిమిషాలు నిలబడే మాట్లాడుకోవాలి. కూర్చుంటే మాటలు పెరుగుతాయట.

నాటకం కథ నాకు కంఠతా వచ్చు. రాబోయే కాలంలో ఒక నగరం. కొట్లాటలకు దిగే కుర్రాళ్ల మణికట్టుకు ప్రభుత్వం ఒక పట్టీ వేస్తుంది. కోపంతో చెయ్యి లేస్తే పట్టీలోంచి కరెంటు కొడుతుంది, చెయ్యి చచ్చుబడుతుంది. ఊళ్లో కుర్రాళ్లంతా మంచివాళ్లయిపోతారు. ఆఖరి రంగంలో, కుర్రాడి చేతిలో దెబ్బలు తిన్న వాచ్‌మన్‌కే ఆ పట్టీ మీట ఇస్తారు. ఉంచుతావా తీసేస్తావా అని అడుగుతారు. వాచ్‌మన్ మీట విసిరేసి కుర్రాణ్ణి కౌగిలించుకుంటాడు. ఎంచుకునే హక్కు లేని మంచితనం మంచితనమే కాదని కోడలి సందేశం.

నేను ముప్పై ఆరేళ్లు కరెంటు స్తంభాల మధ్య బతికాను. హెల్పర్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. కరెంటు ఎవడికైనా బుద్ధి చెప్పగా చూడలేదు. కాలిన చర్మం వాసన మాత్రం తెలుసు.

కుర్రాడి వేషం మా అవినాష్‌ది. ఐదు వారాల కిందట నిజంగా వాచ్‌మన్‌ని కొట్టిందీ వాడే.

"ఓదెలునే అడుగుదాం" అంది ఉదయశ్రీ.

మా అబ్బాయి రవికిరణ్ ఇడ్లీ తింటున్నవాడు ఆగాడు. "ఏ ఓదెలు?"

"మన ఓదెలు."

"నీకేమన్నా పిచ్చా?"

"ఆలోచించు రవీ. అంతకంటే ఆథెంటిక్‌గా ఎవరు చేస్తారు? అతనికీ హీలింగ్, అవీకీ హీలింగ్. స్టేజ్ మీద వీడు సారీ చెప్తాడు, అతను క్షమిస్తాడు. అందరికీ క్లోజర్ వస్తుంది."

"అది ఎప్పుడో క్లోజ్ అయింది. అపార్ట్‌మెంట్ కమిటీ రాసుకుంది కూడా."

"కాగితం మీద అయింది."

ఆ కాగితం రాసింది నేను.

తెల్లాపూర్‌లో మా బ్లాకు ర్యాంపు దగ్గర ఆ రోజు ఓదెలు డ్యూటీలో ఉన్నాడు. అవినాష్ స్నేహితుడి బండి ఆపాడు. స్టిక్కర్ లేదు, పేరు రాసి వెళ్లమన్నాడు. వెనక కూర్చున్న అవినాష్ దిగి హెల్మెట్‌తో కొట్టాడు. పడ్డాక ఇంకో రెండు దెబ్బలు వేశాడు. ఓదెలు ఎడమచెయ్యి విరిగింది. అది కెమెరాలు మారుస్తున్న వారం, ర్యాంపు మీద ఒక్కటీ లేదు. రెండో అంతస్తు బాల్కనీలో నేనున్నాను.

మర్నాడు రవికిరణ్ తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "సర్వీసులో మీరు ఎన్ని రిపోర్టులు రాయలేదు నాన్నా!" అన్నాడు.

రాశాను. స్తంభం మీద మనిషి పోతే ఇన్‌స్పెక్టరే రిపోర్టు రాయాలి. కరెంటు ఆపించకుండా తొందరపడి ఎక్కాడు, చేతి తొడుగులు వేసుకోలేదు అని రాస్తే పైవాళ్లకు ఇబ్బంది ఉండదు. పోయినవాడు వచ్చి కాదనడు. ఆ చేత్తోనే ఓదెలు గురించి కూడా రాశాను. విధి నిర్వహణలో మద్యం సేవించి ర్యాంపుపై కాలు జారి పడ్డాడు, నేను ప్రత్యక్షంగా చూశాను. సంతకం, తేదీ.

ఈసారి మనిషి బతికున్నాడు. ఆ సంగతి నాకు తట్టలేదు.

ఓదెలును ర్యాంపు దగ్గర్నుంచి తీసి బేస్‌మెంట్‌లో నీళ్ల మోటార్ల గదికి కాపలా పెట్టారు. నెలాఖరుకు వెళ్లిపొమ్మని నోటీసు ఇచ్చారు. తాగి డ్యూటీ చేశాడని మచ్చ పడితే ఈ చుట్టుపక్కల ఏ సెక్యూరిటీ ఏజెన్సీ తీసుకోదు.

"అవీ, నువ్వేమంటావ్?" అని అడిగింది వాళ్లమ్మ.

అవినాష్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ఎవరైతే ఏంటి? లైన్స్ అవేగా."

పదిహేడేళ్లు. గడ్డం వస్తోంది.

"వాడికి సారీ చెప్పడానికి మెట్లు దిగితే చాలు. కొత్తగూడ దాకా ఎందుకమ్మాయ్?" అన్నాను.

ఉదయశ్రీ నా వైపు తిరిగింది. గొంతు పెంచదు. ఆవిడ ఉద్యోగమే అది, మనుషుల్ని తీసేసేటప్పుడు కూడా గొంతు పెంచకూడదు.

"మావయ్యగారూ, ఈ ఇంట్లో ఆ మాట ఎవరైనా అనొచ్చు. మీరు అనకూడదు."

రవికిరణ్ ప్లేటు తీసుకుని లేచి వెళ్లిపోయాడు. కోడలు ఒక చీటీ మీద ఓదెలు అని రాసి గోడకు అంటించింది.

* * *

శుక్రవారం పదింటికి మల్లమ్మ వచ్చింది. ఓదెలు భార్య. మా ఇంట్లో అంట్లు తోముతుంది, ఇల్లు తుడుస్తుంది. మొగుడి చెయ్యి విరిగిన మర్నాడు కూడా వచ్చింది. మానెయ్యలేదేమని ఒకసారి అడిగితే, "మీ ఇల్లు ఇడిస్తే ఎందుకిడిచినవని అందరు అడుగుతరు. నేనేం జెప్పాలె? మీరే జెప్పుండ్రి" అంది. మళ్లీ అడగలేదు.

ఆ రోజు సింకు దగ్గర నిలబడి తనే మొదలుపెట్టింది.

"మా ఆయన ఒప్పుకున్నడు పెద్దసారు, నాటకానికి."

"ఎందుకు ఒప్పుకున్నాడు?"

"మేనేజర్ సారు పిలిచి చెప్పిండు. మేడం మాట ఇంటే నోటీసు సంగతి చూస్తం అన్నడు. ఇగ నిన్నటి సంది అద్దం ముందట నిలబడి ఒక్కడే మాట్లాడుతుండు. చేతుల్లో దిండు వట్టుకొని కావలిచ్చుకుంటుండు."

"దిండునా?"

"నేర్సుకుంటుండు సారు. పదమూడేండ్ల పెండ్లి మాది, నన్నెన్నడు గట్ల వట్టుకోలే. ఇప్పుడు మీ మనవణ్ణి వట్టుకుంటడట."

నవ్వింది. నేను నవ్వలేదు. గిన్నె కడిగి బోర్లించింది.

"తాగుడు బందువెట్టి తొమ్మిదేండ్లు సారు. మా అఖిల పుట్టినప్పుడు బందువెట్టిండు, మళ్ల ముట్టలే. ఇప్పుడు బళ్లె పోరగాండ్లు దాన్ని తాగుబోతోని బిడ్డ అంటున్నరు. మా బస్తీల సగం మంది ఈడనే పని చేస్తరు గదా. మాట ఆగుతదా?"

నేను పేపరు తిరగేశాను.

"నేనేం అడుగుత లేను" అంది మల్లమ్మ. "అడిగితే ఏమొస్తది మీకాడ?"

మా ఆవిడ పోయి మూడేళ్లు. ఆవిడ ఉంటే ఆ రోజే మోటార్ల గదికి క్యారియర్ పట్టుకుని వెళ్లేది. కాగితం చించి నా మొహాన కొట్టేది. ఉన్నన్నాళ్లూ ఆవిణ్ణి నోరు మూసుకోమన్నవాణ్ణి నేనే. ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దంగానే ఉంది.

* * *

శనివారం పదకొండింటికి క్లబ్‌హౌస్‌లో ఆఖరి రిహార్సల్. టేబుల్ టెన్నిస్ బల్లలు గోడకు జరిపి కుర్చీలు వేశారు. ముప్పై మంది దాకా చూడ్డానికి వచ్చారు. అందరూ చదువుకున్నవాళ్లు, అందరి చేతుల్లో కాఫీ కప్పులు. నేను ముందు వరసలో కూర్చున్నాను. కోడలు కూర్చోబెట్టింది.

వేషం ఇచ్చిన క్షణం నుంచి ఓదెలు ఆవిడకు ఓదెలు గారయ్యాడు. ఎడమచేతికి ఇంకా కట్టు ఉంది. దాన్ని చూసి ఎవరో ఆడమనిషి, "మేకప్ ఎంత నేచురల్‌గా ఉందో!" అంది.

"ఓదెలు గారూ, ఇక్కడ 'గట్లనా బిడ్డా, గిట్లెందుకు జేసినవ్ బిడ్డా' అనాలి" అని చెప్పింది కోడలు.

"మేడం, మా దిక్కు కొట్టినోణ్ణి బిడ్డా అనరు."

"స్క్రిప్టులో అలా ఉందండీ. ఫీలవ్వండి."

"సరే మేడం."

ఫీలయ్యాడు. మాటలన్నీ తప్పులేకుండా చెప్పాడు. రాసినవాళ్ల కంటే బాగా చెప్పాడు. రవికిరణ్ చివరి వరసలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

ఆఖరి రంగం వచ్చింది. అవినాష్ మోకాళ్ల మీద కూర్చున్నాడు, మణికట్టుకు నల్ల రబ్బరు పట్టీ. నగరాధికారి వేషం వేసిన పక్క బ్లాకు ఆయన ఓదెలు చేతిలో మీట పెట్టాడు. పాత టీవీ రిమోట్‌కు నల్లరంగు పూశారు.

"నన్ను క్షమించు. నేను చేసింది తప్పు" అన్నాడు అవినాష్. నాలుగో రిహార్సల్‌లో ఎలా అన్నాడో అలాగే అన్నాడు. అదే చోట ఊపిరి తీసుకున్నాడు, అదే చోట తల దించాడు.

ఓదెలు మీట విసరలేదు. దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"విసరండి" అని పక్కనుంచి అందించింది కోడలు.

"ఒక్క మాట అడుగుత మేడం."

"డైలాగ్ అయ్యాక అడుగుదురు గానీ."

"గిది గూడ డైలాగే అనుకోండ్రి."

వెనకనుంచి ఎవరో, "ఇంప్రొవైజ్ చేస్తున్నాడు, చూడు చూడు" అన్నారు. రెండు మూడు ఫోన్లు పైకి లేచాయి. కోడలు కూడా ఆపలేదు. ఆవిడ కళ్లలో మెరుపు చూశాను. మనిషి నోట్లోంచి సొంత మాట వస్తోంటే అది తన నాటకానికి దక్కిన అదృష్టం అనుకుంది.

ఓదెలు నా వైపు తిరిగాడు.

"పెద్దసారు. మీరు పైన బాల్కనీలకెల్లి చూసిండ్రు. నేను ఆ రోజు తాగిన్నా?"

ఒక అడుగు ముందుకు వేశాడు.

"నేను జారి పడ్డనా?"

కుర్చీల్లో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు, సినిమాలో పీల్చినట్టు.

"ఈ పిల్లగానికి పట్టీ ఉన్నది. నాకు నోటీసు ఉన్నది. మా మేనేజర్‌కు మీ కమిటీ ఉన్నది. మీకేమున్నది సారు? కాయితం రాసేటప్పుడు మీ చెయ్యి వట్టుకున్నోడెవడు?"

నేను లేచాను. ఎందుకు లేచానో అప్పుడు ఆలోచించలేదు. ఆలోచిస్తే లేచేవాణ్ణి కాదు.

"తాగలేదు. జారలేదు. మా వాడు కొట్టాడు, హెల్మెట్‌తో. మూడు దెబ్బలు. రెండు పడ్డాక. నేను రాసింది అబద్ధం."

చప్పట్లు కొట్టారు.

ముప్పై మందీ చప్పట్లు కొట్టారు. నేనూ వేషధారినే అనుకున్నారు. ఒకాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. మోకాళ్ల మీద ఉన్న అవినాష్ మొహంలో రక్తం లేదు. వాణ్ణి చూసి కూడా ఎవరికీ అర్థం కాలేదు.

ఉదయశ్రీకి అర్థమైంది. "బ్రేక్" అంది. గొంతు ఆ రోజు పెరిగింది.

ఓదెలు మీటను కుర్చీ మీద జాగ్రత్తగా పెట్టాడు. "డ్యూటీ టైమైంది మేడం" అని వెళ్లిపోయాడు.

* * *

"ఒక్క మాట చెప్పండి చాలు" అన్నాడు రవికిరణ్. మధ్యాహ్నం రెండైంది. నా గది తలుపు వేసి నిలబడ్డాడు. "వీడియో కమిటీ గ్రూపులోకి వచ్చేసింది. ప్రెసిడెంట్ సీతారామయ్య గారు ఫోన్ చేశారు. ఇది నాటకంలో మాటేనా, నిజమా అని అడుగుతున్నారు. నాటకంలో మాటే అని మీరు అనండి. ఆయనకూ అదే కావాలి. అందరూ నమ్ముతారు. ఇప్పటికే నమ్మేశారు."

"ఓదెలు?"

"అతనికి వేరే చోట ఉద్యోగం చూస్తాను. నేను చూడనా నాన్నా?"

"తాగుబోతు అన్న మచ్చతోనా?"

"వీడికి జనవరిలో ఎంట్రన్స్ ఉంది! కేసంటే ఏమిటో తెలుసా మీకు? మీ మనవడు నాన్నా. మీ చేతుల మీద పెరిగాడు."

ఉదయశ్రీ గుమ్మంలోకి వచ్చింది. "రేపటి షో ఆపేశాను" అంది. ఎవరితో అన్నదో తెలియలేదు.

"అదొక్కటే తక్కువైంది" అన్నాడు రవికిరణ్. "మంటపెట్టింది నువ్వే. హీలింగూ! క్లోజరూ!"

"నేను కనీసం ఏదో ఒకటి చేద్దామనుకున్నాను. నువ్వేం చేశావ్? ముసలాయనకు కాగితం ఇచ్చావ్."

"ఆ కాగితంతోనే నీ కొడుకు ఇంట్లో ఉన్నాడు. లేకపోతే ఎక్కడ ఉండేవాడో తెలుసా?"

"తెలుసు. ఆ మాట నెల రోజులుగా రోజూ అనుకుంటున్నాను. అనుకుంటూనే ఊరుకున్నాను."

నా ఎదుటే పోట్లాడుకున్నారు. నా గురించే. కానీ నన్నెవరూ చూడలేదు. చదువులు, పదవులు, తెల్లాపూర్‌లో నాలుగు పడగ్గదులు. ఇంత పెద్ద ఇంట్లో ఒకడికి క్షమాపణ చెప్పడానికి చోటు దొరక్క హాలు మాట్లాడుకున్నారు.

నేను బల్ల దగ్గర కూర్చుని కాగితం తీశాను. వాళ్లు పోట్లాట ఆపారు.

రాశాను. రోజు, వేళ, ర్యాంపు, బండి, హెల్మెట్, మూడు దెబ్బలు. ఓదెలు మద్యం తాగలేదు, కాలు జారలేదు. నేను ముందు ఇచ్చింది అబద్ధపు వాఙ్మూలం. అవినాష్ పేరు దగ్గర కలం ఆగలేదు. సంతకం పెట్టాను.

"నాన్నా, అది ఇటివ్వండి" అన్నాడు రవికిరణ్. చెయ్యి చాచాడు.

దాన్ని దాటుకుని వెళ్లాను.

మోటార్ల గదిలో ఓదెలు స్టూలు మీద కూర్చుని అన్నం తింటున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. చెయ్యి కడుక్కుని కాగితం తీసుకున్నాడు. ఒక్కొక్క లైను కింద వేలు పెట్టుకుంటూ మొత్తం చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"రాత మస్తు సక్కగుంటది సారు మీది" అన్నాడు. "గప్పుడు గూడ గింతే సక్కగ రాసిండ్రు."

మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే అసహ్యించుకునేవాణ్ణి.

"ఎక్కడ ఇస్తావు? ఏజెన్సీ వాళ్లకా, పోలీసులకా?"

"అది నా ఇష్టం సారు" అన్నాడు. అన్నం ముందుకు జరుపుకున్నాడు.

* * *

తిరిగి వచ్చేసరికి నా గదిలో అవినాష్ ఉన్నాడు. మంచం అంచున కూర్చున్నాడు. చేతిలో ఫోన్ లేదు.

తిట్టడానికి వచ్చాడనుకున్నాను. ఏడవడానికైనా వచ్చి ఉండాలి. రెండిటికీ సిద్ధంగానే ఉన్నాను.

"ఇచ్చేశావా తాతయ్యా?"

"ఇచ్చాను."

"ఓకే."

కాసేపు కాలి బొటనవేలితో నేలమీద గీశాడు. తరవాత వాడి నోట్లోంచి వచ్చింది ఎవరూ రాసిచ్చిన మాట కాదు. నాకు తెలుసు, వాడికి మాటలు దొరకలేదు.

"ఆ రోజు... మొదటి దెబ్బ కొట్టాక పైకి చూశాను. నువ్వు చూస్తున్నావ్. నేను... అంటే నువ్వు అరుస్తావనుకున్నా. ఒరేయ్ అంటావనుకున్నా. చిన్నప్పుడు గోడ ఎక్కితే కూడా అరిచేవాడివి కదా. ఆగా కూడా. నిజంగా ఆగా తాతయ్యా, ఒక సెకను. నువ్వేం అనలేదు. చూస్తూ ఉన్నావ్. అప్పుడు మళ్లీ కొట్టా."

నేను కిటికీ వైపు చూశాను.

"తప్పు నీదనట్లేదు. కొట్టింది నేనే. అది చెప్తా, ఎవరడిగినా చెప్తా. కానీ నువ్వెందుకు అరవలేదు?"

హాల్లో కాలింగ్ బెల్ మోగింది. సీతారామయ్య గొంతు, ఇంకా ఇద్దరు ముగ్గురి గొంతులు. రవికిరణ్ వాళ్లను కూర్చోమంటున్నాడు. "నాన్నా, మీ కోసమే వచ్చారు!" అని కేకేశాడు.

అవినాష్ కదల్లేదు. "చెప్పు తాతయ్యా."

జవాబు నాకు తెలుసు. ఐదు వారాలుగా తెలుసు. వాడికి చెప్పలేదు. హాల్లో కూర్చున్నవాళ్లకు చెప్పను, పోలీసులు వస్తే వాళ్లకూ చెప్పను. కళ్లతో చూసిందంతా కాగితం మీద ఉంది, కావలసినవాళ్లు చదువుకోవచ్చు. బాల్కనీలో నేను నోరెందుకు మూసుకున్నానో, అది మాత్రం ఈ ఇంట్లో గానీ ఇంకెక్కడైనా గానీ, బతికుండగా నా నోట రాదు.